కండక్టరమ్మ దిగిన స్టాపులు

కండక్టరమ్మ గొంతు తెలియని మనిషి ఆ ఊళ్ళో లేడనే చెప్పాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే రూటు, ఒకే ఫుట్‌బోర్డు. నదికి ఇవతల ఉన్న కాలనీల్లో బయల్దేరి, వంతెన దాటి, పాత టౌను మధ్యలోంచి డిపోకి వెళ్ళే బస్సు ఆమెది. "టంకశాల! టంకశాల దిగేవాళ్ళు ముందుకి రండి! పాత కోర్టు! పూలంగడి! గడియార స్తంభం!" అని ఒక్క కేక పెడితే బస్సులో కునికేవాళ్ళే కాదు, రోడ్డు మీద సైకిలు తొక్కేవాళ్ళు కూడా ఉలిక్కిపడి చుట్టూ చూసుకునేవారు. డ్రైవరు హారను కొట్టడం మానేశాడనీ, ఆ పని కూడా ఈవిడ చేతే చేయిస్తున్నాడనీ డిపోలో వేళాకోళం చేసేవాళ్ళు.

ఆ గొంతునే డాక్టర్లు తీసేశారు. లోపల పుట్టిన గడ్డ మంచిది కాదన్నారు. మొత్తం తీసేస్తే తప్ప మనిషి దక్కదన్నారు. తీసేశారు, మనిషి దక్కింది. మెడ కింద చిన్న రంధ్రం పెట్టి, ఇక ఊపిరి అందులోంచే అన్నారు. మాట్లాడ్డానికి చేతిలో ఇమిడే టార్చిలైటంత మిషను ఒకటి ఇచ్చారు. దాన్ని దవడ కింద ఆనించి మీట నొక్కి, పెదాలు కదిపితే మాట వస్తుంది. మాటేగానీ దానికి హెచ్చూ తగ్గూ ఉండదు, కోపమూ నవ్వూ ఉండవు. రేకు డబ్బాలో ఇరుక్కున్న తుమ్మెద మాట్లాడినట్టు ఉంటుంది.

ఆమె భర్త సిమెంటు గోదాములో కాటా గుమాస్తా. లారీలు తూచడం, బరువు రాయడం, నోరు మూసుకోవడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక మొదటి రెండు పనులూ ఉండేవి కావు, మూడోది మాత్రం ఉండేది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో మాట్లాడే వంతు ఆయనకి రాలేదు. ఆపరేషను తర్వాత వచ్చింది. మొదట్లో అవసరం కొద్దీ మాట్లాడాడు. తర్వాత ప్రేమ కొద్దీ మాట్లాడాడు. ఆ తర్వాత అలవాటైపోయింది. ఎవరైనా వచ్చి "ఎలా ఉన్నావమ్మా?" అని ఆమెని అడిగితే, ఆమె మిషను వెతుక్కునేలోపు "బానే ఉంది, నిన్న రాత్రి కాస్త దగ్గింది, ఇవాళ పర్లేదు" అని ఆయనే చెప్పేసేవాడు. నలుగురు ఉన్నచోట మిషను తీయబోతే చెయ్యి మీద చెయ్యి వేసి, "ఎందుకే శ్రమ, నేను చెప్తాగా" అనేవాడు.

పాత టౌను చూడాలన్న ఆలోచన ఒక ఆదివారం సాయంత్రం పుట్టింది. ఆ రోజు ఇంట్లో ఇద్దరు స్నేహితురాళ్ళున్నారు. ఒకరు పక్కవాటాలో ఉండే దర్జీ. ఆమే కండక్టరమ్మా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు, ఏ వరసన అని అడిగితే ఇద్దరికీ తెలియదు. ఇంకొకామె ఆస్పత్రిలో కండక్టరమ్మ పక్కమంచం మీద ఉన్న అమ్మాయి. బేకరీలో కేకుల మీద పేర్లు రాసే పని ఆమెది. మెడకి ఆపరేషనై ఆమెకి మాట బొంగురుపోయింది గానీ గొంతు మిగిలింది. వార్డులో "పక్కమంచం, పక్కమంచం" అని పిలవగా పిలవగా ఇప్పటికీ అదే పేరు.

"అక్కా, నీకు తెలుసుగా, టంకశాలలో ఇంకా నాణేలు చేస్తారా?" అని అడిగింది పక్కమంచం, ఊరికే, మాటవరసకి.

కండక్టరమ్మకి ఒక్కసారిగా నోట మాట రాలేదు. మిషను లేక కాదు. నిజంగానే తెలియదు. అన్నేళ్ళు అరిచిన పేరు. బస్సు అక్కడ అరనిమిషం ఆగేది, టికెట్లు కొడుతూ తల పైకెత్తేలోపు కదిలేది. సెలవు రోజున మళ్ళీ బస్సెక్కి టౌనుకి వెళ్ళాలంటే ఒళ్ళు మండేది.

"ఎప్పుడో మూసేశారు," అన్నాడు భర్త.

"మీరు చూశారా?" అంది కండక్టరమ్మ మిషనుతో.

"చూడ్డమెందుకు, అందరికీ తెలిసిందేగా."

"నేను చూస్తా. ఎల్లుండి. మేం ముగ్గురం. ఒక్కో స్టాపూ దిగి."

భర్త కంగారుపడ్డాడు. దుమ్ము అన్నాడు, పొగ అన్నాడు, ఆ రంధ్రంలో ఏదైనా పడితే అన్నాడు. పోనీ తనూ వస్తానన్నాడు.

"వద్దు," అంది. ఆ మిషనులో మాటలన్నీ ఒకే మోస్తరుగా వస్తాయి కదా, అయినా ఆ ఒక్క మాట మాత్రం పాత కండక్టరమ్మ అన్నట్టే వినిపించింది దర్జీ వదినకి.

దర్జీ వదిన ఆ రాత్రే ఒక పని చేసింది. మెడ మీద రంధ్రాన్ని కప్పుకోడానికి ఆస్పత్రివాళ్ళు ఇచ్చినవన్నీ తెల్లటి గుడ్డలు, కట్టుకట్టినట్టుంటాయి. ఆమె మిగిలిపోయిన ముక్కల్లోంచి ఎర్రటి పల్చటి నూలుగుడ్డ తీసి, రెండు మడతలేసి, అంచు తిప్పి కుట్టి, వెనక గుండీ పెట్టింది. "దాచుకునేలా కుట్టలేదు వదినా, కనపడేలా కుట్టా," అంది. కండక్టరమ్మ అద్దంలో చూసుకుని గుండీ సర్దుకుంది. అలా బయల్దేరారు.

టంకశాల స్టాపులో దిగితే ఎదురుగా పెద్ద రాతిగోడ, గోడకి ఇనపగేటు ఉన్నాయి. గేటులోంచి తొంగిచూస్తే లోపల నాణేలూ లేవు, నాణేలు చేసే యంత్రాలూ లేవు. పోలీసులు పట్టుకొచ్చి పడేసిన సైకిళ్ళు కొండలా పేరుకుని తుప్పు పట్టి ఉన్నాయి. కొన్నిటి చక్రాల్లోంచి తీగలు పాకి పూలు పూస్తున్నాయి. పక్కమంచం ఫోటో తీసింది. 'మూసేశారన్న మాట నిజమే' అనుకుంది కండక్టరమ్మ, కాస్త చిరాగ్గా. కానీ ఆ సైకిళ్ళ సంగతి ఆయనకి తెలియదుగా.

పాత కోర్టు ఇంకా విచిత్రం. మెట్లూ స్తంభాలూ అన్నీ కోర్టువే, లోపల మాత్రం చెప్పుల షాపు. సాక్షులు నిలబడే బోను తీయకుండా అలాగే ఉంచి, దాని నిండా పిల్లల బూట్లు పోశారు. దర్జీ వదిన ఆ బోనులోకి చెయ్యిపెట్టి ఒక బూటు తీసి, "అంతా నిజమే చెప్పు," అంది దాంతో. ముగ్గురూ నవ్వారు. కండక్టరమ్మ నవ్వితే చప్పుడుండదు, భుజాలు ఊగుతాయి, మెడ మీద ఎర్రగుడ్డ గాలికి కొట్టుకున్నట్టు కదులుతుంది. షాపులో పిల్ల ఒకతె ఆ గుడ్డ వంక చూసి తల తిప్పుకుంది. కండక్టరమ్మ అది గమనించింది. గమనించి, గుడ్డ ఇంకాస్త సూటిగా సర్దుకుంది.

పూలంగడిలో ఒక్క పువ్వు లేదు. వీధి వీధంతా ఫోన్ల కవర్లు, చార్జర్లు. "ఇన్నేళ్ళు జనానికి అబద్ధం చెప్పా," అంది కండక్టరమ్మ. "పూలు కొనుక్కుందామని దిగినవాళ్ళు నన్నెంత తిట్టుకున్నారో."

అప్పటికి ఎండెక్కింది, ఆకలి మొదలైంది. వీధి చివర అద్దాల హోటలొకటి కనబడింది. అరుగు మీద గొడుగుల కింద బల్లలు వేసి ఉన్నాయి. వీధంతా కనబడే బల్ల చూసి కూర్చున్నారు. సర్వరు వచ్చి దర్జీ వదిననీ పక్కమంచాన్నీ అడిగి రాసుకున్నాడు. తర్వాత కండక్టరమ్మ మెడ చూసి, దర్జీ వదిన వైపు తిరిగి, "ఆవిడకేం కావాలి?" అన్నాడు.

"నాకేం తెలుసు నాయనా, ఆవిడ్నే అడుగు."

కండక్టరమ్మ మిషను ఆనించింది. "ఆమ్లెట్. మిరియాలెక్కువ. కాఫీ. చక్కెర వద్దు."

పక్కబల్లల దగ్గర చెంచాల చప్పుడు ఆగింది. ఒక మగాయన తల తిప్పి చూశాడు. ఆయనతో ఉన్న ఆడమనిషి, నల్లకళ్ళద్దాలు తలమీద పెట్టుకున్నావిడ, ప్లేటు ముందుకి తోసేసి సర్వరుతో ఏదో గొణిగింది. కాసేపటికి టై కట్టుకున్న మేనేజరొకడు నవ్వుమొహంతో వచ్చాడు.

"మేడమ్, లోపల గది ఖాళీగా ఉంది. ఏసీ ఉంది. మీకు ప్రశాంతంగా ఉంటుంది."

"ఇక్కడ బాగుంది."

"అది కాదు మేడమ్... ఆ సౌండు వల్ల మిగతా కస్టమర్లకి కొంచెం..."

కండక్టరమ్మ వెనక జ్యూసు కొట్టే మిక్సీ చూపించింది. "దాని సౌండో?" ఫోనులో గట్టిగా మాట్లాడుతున్న ఒకాయన్ని చూపించింది. "ఆయన సౌండో?"

"అవి వేరు మేడమ్."

"ఏం వేరు?"

మేనేజరు నవ్వు కాస్త పల్చబడింది. దర్జీ వదిన వైపు తిరిగి, "మీరైనా ఆవిడకి నచ్చజెప్పండి," అన్నాడు.

అక్కడ అంటుకుంది. బస్సు ఆపడానికి రేకు మీద కొట్టినట్టు, కండక్టరమ్మ బల్ల మీద వేళ్ళతో టకటకా కొట్టింది.

"ఇటు చూడు బాబూ. మాట్లాడేది నేను. చూడాల్సింది నన్ను." మాటకీ మాటకీ మధ్య మీట వదిలి, మెడలోంచి ఊపిరి తీసుకుంది. "బస్సులో చెవులు పగిలేలా అరిచా. అప్పుడెవ్వరూ లోపలికెళ్ళి కూర్చోమన్లేదు. ఇప్పుడు ఇంత నెమ్మదిగా ఆమ్లెట్ అడిగా. నేను లేవను. పంపిస్తే తింటా. పంపించకపోతే ఇక్కడే కూర్చుని మాట్లాడుతా."

"నాకు రెండు పంపించండి," అంది పక్కమంచం తన బొంగురు గొంతుతో. "నేనూ ఇలాగే మాట్లాడుతా, నాకూ ఏసీ పడదు."

మేనేజరు వెళ్ళిపోయాడు. వెళ్ళి పాటల సౌండు పెంచాడు. కండక్టరమ్మ మిషను పక్కనున్న చిన్న చక్రం తిప్పి తన సౌండూ పెంచింది. పెంచి, డిపోలో ఒకప్పుడు బ్రేకులు ఫెయిలైన బస్సు మంగలిషాపులోకి దూరి, సగం గడ్డం గీయించుకున్న మనిషిని ఎక్కించుకుని బయటికొచ్చిన కథ మొదలుపెట్టింది. కథ సగంలో నల్లకళ్ళద్దాలావిడ లేచి, కుర్చీ చప్పుడయ్యేలా జరిపి, మొగుణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. కండక్టరమ్మ కథ ఆపలేదు. కానీ బల్ల కింద ఆమె ఎడమచెయ్యి చీర కొంగుని మెలిపెడుతోంది. దర్జీ వదిన అది చూసి, తన చెయ్యి దాని మీద వేసి గట్టిగా పట్టుకుంది.

ఆమ్లెట్లు వచ్చాయి. కాఫీ వచ్చింది. ముక్కుతో ఊపిరి పీల్చని మనిషికి కాఫీ వాసన ఉండదు. కండక్టరమ్మ ఆ కాఫీని చివరి బొట్టుదాకా తాగింది. బయటికొచ్చేటప్పుడు మేనేజరు తలెత్తలేదు. మనసు మారినట్టేమీ లేడు. మారాలని ఆమె అనుకోలేదు కూడా.

గడియార స్తంభం దగ్గరికి వచ్చేసరికి దాని కిందున్న అరుగు మీద కాటా గుమాస్తా కూర్చుని ఉన్నాడు. చేతిలో నీళ్ళ సీసా, జేబులో మిషనుకి బ్యాటరీ. గోదాములో సగంపూట సెలవు పెట్టి వచ్చేశాడు. డిపోకి ముందు చివరి స్టాపు ఇదే కాబట్టి ఇక్కడైతే తప్పక దొరుకుతారని లెక్కేసుకున్నాడు.

"అన్నయ్యగారు లారీలు వదిలేసి మనల్ని తూచడానికొచ్చారు," అంది దర్జీ వదిన పక్కమంచం చెవిలో.

కండక్టరమ్మ ఆయన్ని దాటుకుని నేరుగా స్తంభం తలుపు దగ్గర తాళంచెవులతో నిలబడ్డ వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళింది. తలుపు మీద బోర్డుంది. గుండె జబ్బులు, ఊపిరి జబ్బులు ఉన్నవాళ్ళు మెట్లెక్కకూడదని. వాచ్‌మన్ ముసలాయన. ఆమె మెడ చూశాడు, బోర్డు చూశాడు.

"పైకెళ్ళాలి," అంది.

వాచ్‌మన్ నోరు తెరిచేలోపే వెనకనుంచి భర్త అందుకున్నాడు. "లేదు లేదు, ఆవిడ ఎక్కదండీ. పెద్ద ఆపరేషనైంది. ఊపిరి అందదు. డాక్టరుగారు వద్దన్నారు."

"ఏ డాక్టరు?" అంది కండక్టరమ్మ, వెనక్కి తిరిగి.

"అంటే... మెట్ల గురించి ఆయన చెప్పలేదనుకో..."

"మరి ఎవరు చెప్పారు?"

"నేనే చెప్తున్నా. నీ మంచికే కదే!"

"నా మాట మీరెందుకు చెప్తారు?"

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. ఒక కుర్రాడు ఫోను తీశాడు గానీ, పక్కమంచం చూసిన చూపుకి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. భర్త చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. నలుగురూ చూస్తున్నారు," అన్నాడు.

"చూడనివ్వండి. ఇంట్లో నన్ను మాట్లాడనిస్తేగా. డాక్టరుకి నా నొప్పి మీరే చెప్పారు. అది నొప్పి కాదు. దురద. దురదకి నొప్పి మాత్రలు నెలంతా మింగా. మా అమ్మ ఫోను చేస్తే నేను పడుకున్నానని మీరే చెప్పారు. నేను పక్కనే ఉన్నా. మేలుకునే ఉన్నా. ఆవిడ ఏడిస్తే మీరే ఓదార్చారు. నేను గోడ చూస్తూ కూర్చున్నా. ఇవాళ పొద్దున్నుంచి నా మాట నేనే మాట్లాడా. నోరు నొప్పెట్టింది. హాయిగా ఉంది."

అంత పొడుగు మాట ఆపరేషను తర్వాత ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. చివరికొచ్చేసరికి దగ్గొచ్చి, ఎర్రగుడ్డ పట్టుకుని వంగిపోయింది. దర్జీ వదిన ముందుకి రాబోతే చెయ్యెత్తి ఆపింది. దగ్గు దానంతటదే తగ్గింది.

భర్త నీళ్ళ సీసా మూత బిగిస్తూ అన్నాడు: "నీకు శ్రమని కాదు. నా వల్ల కావట్లేదు. ఆ మిషను శబ్దం వినలేకపోతున్నా. నువ్వు నోరు తెరిచినప్పుడల్లా నీ గొంతు వస్తుందనే అనిపిస్తుంది నాకు. తీరా ఆ మిషను శబ్దం వస్తుంది. అందుకని నేనే ముందు మాట్లాడేస్తా."

ఆ మాట ఆమెకి కొత్త. ఇన్ని నెలలూ ఆయనకి సిగ్గనుకుంది. కోపం కాస్త చోటు మారింది గానీ పోలేదు.

"నాకూ నచ్చదు," అంది. "అయినా ఇకమీదట ఇదే. వినడం నేర్చుకోండి." వాచ్‌మన్ వైపు తిరిగింది. "నాకు ఊపిరి జబ్బు లేదు. ఊపిరి దారి వేరు, అంతే. తలుపు తీయండి."

వాచ్‌మన్ కాటా గుమాస్తా వంక చూశాడు. కాటా గుమాస్తా ఈసారి పక్కకి తప్పుకున్నాడు. తలుపు తెరుచుకుంది.

మెట్లు ఇరుకు. సుడి తిరుగుతూ పోయే రాతిమెట్లు, పావురాల రెట్ట, దుమ్ము. పక్కమంచం తన దుపట్టా తడిపి ఇస్తే, కండక్టరమ్మ దాన్ని ఎర్రగుడ్డ మీద అడ్డంగా పట్టుకుని ఎక్కింది. మెడలోంచి పీల్చే ఊపిరికి మధ్యలో ముక్కు చేసే సాయమేమీ ఉండదు, దుమ్ము నేరుగా ఛాతీకే వస్తుంది. సగం దూరంలో మెట్టు మీద కూలబడింది. మెడ దగ్గర ఈలలాంటి చప్పుడు. దర్జీ వదిన మొహం పాలిపోయింది.

"చాలు వదినా. దిగిపోదాం. ఇంతవరకూ వచ్చాం, ఎవరికి చూపించాలి?"

కండక్టరమ్మకి మిషను పట్టుకునే ఓపిక లేదు. తల అడ్డంగా ఊపి, వేలు పైకి చూపించింది. అలాగే కూర్చుంది, ఛాతీ నెమ్మదించేదాకా. పైన ఎక్కడో గడియారం పళ్ళచక్రాలు కటకటమంటున్నాయి. తర్వాత ఆమె గోడ పట్టుకుని లేచింది. ఒక్కో మెట్టుకీ ఒక్కో ఊపిరి.

పైన గాలి. ఇనప కటకటాలు, నాలుగు దిక్కులా ఊరు. నది వెండిరేకులా మెరుస్తోంది, దాని మీద వంతెన. వంతెన మీంచి అగ్గిపెట్టెంత ఎర్రబస్సు ఒకటి పాకుతూ వస్తోంది. తన రూటే. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది. బస్సు టంకశాల గోడ పక్కన ఆగింది, కదిలింది. అలవాటు కొద్దీ నోరు తెరుచుకుంది. కడుపులోంచి బలంగా గాలి లేచింది, మెడలోంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. ఎర్రగుడ్డ ఒక్కసారి ఎగిరి పడింది.

కళ్ళు మండాయి. మండితే మండాయని, మిషను తీసి దవడ కింద ఆనించింది. సౌండు చక్రం ఆఖరిదాకా తిప్పింది.

"టంకశాల," అంది ఊరి మీదికి. "తుప్పు సైకిళ్ళు కావాల్సినవాళ్ళు దిగండి. పాత కోర్టు. చెప్పులు లేనివాళ్ళు దిగండి. పూలంగడి. ఒక్క పువ్వూ లేదు, నన్ను తిట్టుకోకండి. హోటలుంది. ఆమ్లెట్ బాగుంటుంది. మేనేజరు బాగుండడు."

పక్కమంచం కటకటాలు పట్టుకుని వంగి వంగి నవ్వింది. దర్జీ వదిన నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. కిందెక్కడా ఎవరికీ వినపడి ఉండదు. గాలి అటువైపు లేదు. కండక్టరమ్మ మాత్రం పైనున్నంతసేపూ ఆపలేదు. పేరు తెలిసిన సందు ప్రతిదాన్నీ పిలిచింది, తెలియనివాటికి అప్పటికప్పుడు పేర్లు పెట్టింది.

కిందికి దిగేసరికి కాటా గుమాస్తా, వాచ్‌మన్ అరుగు మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఆమెని చూడగానే భర్త గభాలున లేచాడు. సీసా మూత తీసి అందించాడు.

"పర్వాలేదా? కళ్ళేమైనా తిరిగాయా?" అన్నాడు వాచ్‌మన్, ఎవర్ని అడుగుతున్నాడో తనకే తెలియనట్టు ఇద్దరి మధ్యకీ చూస్తూ.

భర్త నోరు తెరిచాడు. మళ్ళీ మూశాడు. ఆమె నీళ్ళు తాగేదాకా, నోరు తుడుచుకునేదాకా, మిషనులో బ్యాటరీ మార్చుకునేదాకా అలాగే నిలబడ్డాడు. వాచ్‌మన్ కూడా లేచి చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు పట్టింది.

"తిరిగాయి," అంది కండక్టరమ్మ. "సగంలో చచ్చిపోతాననుకున్నా. పైన బాగుంది. ఆ మెట్లు ఊడ్పించండి."

ఎండ వాలుతోంది. ఇంటికెళ్ళే బస్సు ఎదురుగా వచ్చి ఆగింది, వెళ్ళిపోయింది. ఆమె ఎక్కలేదు. స్తంభం వెనక, బస్సు ఎప్పుడూ తిరగని వైపు, ఒక సందు కనబడుతోంది.

"నేనూ రావచ్చా?" అన్నాడు భర్త.

"రండి. కానీ మీ మాటే మీరు మాట్లాడాలి. నాది కాదు."

ఆయన కాసేపు ఆలోచించాడు. ఏళ్ళ తరబడి ఆ పని చెయ్యని మనిషికి వెంటనే ఏం తోస్తుంది? ఆఖరికి అన్నాడు:

"నాకు ఆకలేస్తోంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

"అయ్యో బావగారూ!" అని పక్కమంచం పడీ పడీ నవ్వింది. దర్జీ వదిన బేరం పెట్టింది, ఆ సందులో ఏదైనా తినే చోటు దొరికితే బిల్లు ఆయనదేనని. కండక్టరమ్మ అప్పటికే ముందు నడుస్తోంది.